తేల్చకుండా క్షమించిన సైన్యం: జనరల్ నోగి కెరీర్ మీద ఒక కేస్ స్టడీ

1904 మే 2న జపాన్ సైన్యం ఒక పోస్టింగ్ ఆర్డర్ తీసింది. రష్యాతో యుద్ధం మొదలై అప్పటికి మూడు నెలలు. ఈశాన్య చైనాలో రష్యా చేతిలో ఉన్న రేవు కోట పోర్ట్ ఆర్థర్ కోసం కొత్తగా మూడో ఆర్మీ పెట్టి, దానికి కమాండర్‌గా లెఫ్టినెంట్ జనరల్ నోగి మరెసుకెను వేశారు. వయసు 54. ఆయన సర్వీస్ రికార్డు చూస్తే ఏ సెలక్షన్ బోర్డైనా కాస్త ఆగి ఆలోచిస్తుంది. రెజిమెంట్ జెండాను శత్రువుకు పోగొట్టుకున్న అధికారి. ఒకసారి సెలవు పెట్టి ఊరికి పోయి పొలం చేసుకున్నాడు. తైవాన్ గవర్నర్ జనరల్‌గా వేస్తే ఏడాదిన్నర తిరక్కుండానే తప్పుకున్నాడు. 1901లో డివిజన్ కమాండ్ వదిలేసి మళ్ళీ సెలవులో కూర్చున్నాడు. యుద్ధం వచ్చాకే పిలిపించారు.

నేను ఇన్ఫెంట్రీలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇప్పుడు కంపెనీల మేనేజర్లకు, అప్పుడప్పుడు కుర్ర అధికారులకు నాయకత్వం మీద క్లాసులు తీసుకుంటున్నాను. మన స్కూలు పుస్తకాల్లో ఈ యుద్ధం ఒక్క వాక్యంలో అయిపోతుంది: 1905లో ఒక ఆసియా దేశం ఒక యూరప్ దేశాన్ని ఓడించింది. నోగి పేరు తెలిసినవాళ్ళు అక్కడొకరు, ఇక్కడొకరు. తెలిసినవాళ్ళు కూడా రెండు గుంపులు. ఒకరికి మహావీరుడు, ఇంకొకరికి వేలమందిని మరఫిరంగులకు బలిపెట్టిన మొద్దు. ఆ తగువు నాకు పట్టదు. నేను ఈ కేసును క్లాసుకు తెచ్చేది వేరే కారణంతో. ఒక అధికారి వల్ల పొరపాటు జరిగితే, లేదా జరిగిందని ఆయనే అనుకుంటుంటే, సంస్థ ఆ ఖాతాను ఎలా మూస్తుంది అన్నది నా ప్రశ్న. జపాన్ సైన్యం జర్మన్ల దగ్గర దాదాపు అన్నీ నేర్చుకుంది గానీ ఈ ఒక్క పనిని పాత ఇళ్ళలో జరిగినట్టే జరగనిచ్చింది. ఆ ధర నోగి ముప్పై అయిదేళ్ళు కట్టాడు. ఆయన కింద ఉన్న సిపాయిలూ కట్టారని నా అనుమానం.

ఎనభై కొకుల ఇల్లు

నోగి 1849లో ఎదోలో, అంటే నేటి టోక్యోలో, చోఫు సంస్థానం వారి నివాసంలో పుట్టాడు. చోఫు అంటే జపాన్ పడమటి వైపున్న పెద్ద సంస్థానం చోషూకు ఉపశాఖ. తండ్రికి ఏటా ఎనభై కొకుల బియ్యం భత్యం. ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యాన్ని సుమారుగా ఒక కొకు అనేవారు. కాబట్టి ఇది సమురాయ్ ఇల్లే గానీ కలిగిన ఇల్లు కాదు. చిన్నతనంలోనే ఎడమ కంటి చూపు పోయింది. పధ్నాలుగు పదిహేనేళ్ళ వయసులో ఇల్లు విడిచి చోషూలోని హగీ పట్నానికి నడిచి వెళ్ళి, తమాకి బున్నోషిన్ దగ్గర చేరాడు. చోషూ యువకుల్లో ఉద్రేకం రగిలించిన పండితుడు యోషిదా షోయిన్‌కు బాబాయి ఈయన. తొలి గురువు కూడా. చాలా కఠినుడు. పొలం పని చేయిస్తూ చదువు చెప్పేవాడు.

1866లో షోగునేట్, అంటే అప్పటి సైనిక ప్రభుత్వం, చోషూ మీదికి దండెత్తినప్పుడు నోగి కొకురా వైపు పోరాడి గాయపడ్డాడు. అప్పుడు ఎదుటి పక్షం కొకురా సంస్థానం. ఆ సంస్థానపు సమురాయ్ ఓకు యసుకతా 1904లో రెండో ఆర్మీ కమాండర్. నిన్న ఒకరి మీద ఒకరు కత్తి దూసిన సంస్థానాల పిల్లలను ఒకే యూనిఫాంలోకి తెచ్చిన తరం ఇది. ఈ సంగతి మరిచిపోతే తర్వాత జరిగినవేవీ అర్థం కావు.

1871 చివర, ఇరవై రెండేళ్ళ వయసుకే నోగికి నేరుగా మేజర్ హోదా ఇచ్చారు. అప్పటికి ఫ్రెంచి తరహా డ్రిల్ కొన్నాళ్ళు నేర్చుకున్నాడు, అంతే. మిలిటరీ స్కూల్ లేదు, పరీక్ష లేదు. సంస్థానం, సిఫారసు, చేసిన యుద్ధం, ఇవే అర్హతలు. కొత్త సైన్యానికి అధికారులు కావాలి, వేరే దారి కూడా లేదు. 1873లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. రైతు బిడ్డ కూడా తుపాకి పట్టవచ్చు. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించారు, బియ్యం భత్యాలను బాండ్లుగా మార్చేశారు. రెండు కత్తులు, భత్యం రెండూ పోయాక సమురాయ్‌కి మిగిలింది పేరే.

అంతకు ముందే, 1875 చివర, నోగిని కొకురాలోని 14వ ఇన్ఫెంట్రీ రెజిమెంట్‌కు కమాండర్‌గా వేశారు. 1876 అక్టోబరులో హగీలో తిరుగుబాటు లేచింది. నాయకుడు మాజీ మంత్రి మఎబరా ఇస్సెయ్. నోగి సొంత తమ్ముడు, గురువు ఇంటికి దత్తు వెళ్ళినవాడు, తిరుగుబాటుదారులతో చేరి చనిపోయాడు. శిష్యులు అందులో ఉన్నందుకు బాధ్యత తనదేనని గురువు తమాకి కడుపు కోసుకున్నాడు. అన్న ప్రభుత్వం వైపు, తమ్ముడు, గురువు అవతల. నోగి ఆర్డర్ ప్రకారమే నడిచాడు. కానీ ఆయన నేర్చుకున్న విద్యలో బాధ్యత అంటే ఏమిటో గురువు ఆచరించి చూపించింది అప్పుడే. క్లాసులో ఇక్కడ ఒక నిమిషం ఆగి, ఈ రెండు చావులనూ గుర్తుపెట్టుకోమంటాను.

ఉయెకిలో ఒక రాత్రి

నాలుగు నెలల్లో సైగో తకమొరి నాయకత్వంలో దక్షిణాదిలోని పాత సంస్థానం సత్సుమా తిరగబడింది. కుమమొతో కోటను చుట్టుముట్టింది. కోటలో ఉన్న దళానికి తోడుగా నోగి తన రెజిమెంట్‌ను హడావిడిగా నడిపించుకు వస్తున్నాడు. 1877 ఫిబ్రవరి 22 సాయంత్రం, కుమమొతోకు ఉత్తరాన ఉయెకి దగ్గర సత్సుమా వాళ్ళు తగిలారు. నోగి చేతిలో ఉన్నది రెజిమెంట్‌లో కొంత భాగమే. మిగతావాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు. చీకటి పడింది. వెనక్కి తగ్గాలని నిర్ణయించాడు. జెండా పట్టే లెఫ్టినెంట్ కవరబయాషి జెండాను చుట్టి వీపుకు కట్టుకున్నాడు. కొద్దిమందిని తోడిచ్చి పంపారు. ఆ గందరగోళంలో కవరబయాషి చనిపోయాడు, జెండా సత్సుమా చేతికి చిక్కింది. సంగతి తెలిసి నోగి వెనక్కి పరిగెత్తబోతే కింది అధికారులు పట్టుకుని ఆపారంటారు.

తక్కువ బలం, రాత్రి, తొందర ప్రయాణం. ఏ సైన్యంలోనైనా జరిగే సంఘటనే. ఇంకో సంగతి: జపాన్ సైన్యంలో రెజిమెంట్లకు చక్రవర్తి చేతుల మీదుగా జెండాలివ్వడం 1874లోనే మొదలైంది. అంటే జెండా పవిత్రత అనే భావనకు నిండా మూడేళ్ళ చరిత్ర. తర్వాతి తరాలకు అది పూజా వస్తువు అయింది. అలా అవడంలో నోగి కథకూ వాటా ఉంది.

తనను శిక్షించమని నోగి పైకి రాసి పంపాడు. శిక్ష లేదని జవాబు వచ్చింది. అంతటితో సరిపెట్టకుండా ఆ ఏప్రిల్‌లోనే లెఫ్టినెంట్ కల్నల్‌గా ప్రమోషన్ కూడా ఇచ్చారు. ఆయన చావు వెతుక్కోబోతే మిత్రుడు కొదమా గెంతారో ఆపాడన్న కథ చాలా ప్రసిద్ధం. రెజిమెంట్‌కు 1878లో కొత్త జెండా ఇచ్చారు. కాగితం మీద విషయం ముగిసింది.

నా కేసు మొత్తం ఈ చోటే నిలబడి ఉంది. మా సర్వీసులో ఒక రైఫిల్ పోయినా కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. అది కూర్చున్నన్నాళ్ళూ టెన్షనే. ముఖం చూపించలేం, నిద్ర పట్టదు. కానీ చివర ఒక కాగితం వస్తుంది: ఇది నీ తప్పు, ఇది నీ తప్పు కాదు, నీ తప్పుకు ఇదీ శిక్ష. శిక్ష పడ్డవాడు కూడా ఆ కాగితంతో బతికేస్తాడు. నోగికి దొరికింది దయ. దయ చూపినవాడికి రుణపడటం తప్ప దయతో మనిషి చేసేదేమీ ఉండదు. తప్పు ఎంత, అందులో తన వాటా ఎంత అన్నది ఎవరూ కొలిచి చెప్పకపోతే కొలత ఆ మనిషి చేతిలోనే ఉండిపోతుంది. నోగి చేతిలో ఉన్న కొలబద్ద గురువు తమాకి ఇచ్చినది.

బెర్లిన్ నుంచి ఇద్దరు తెచ్చినవి

తర్వాత కొన్నేళ్ళు నోగి తాగుడుకు, వినోద గృహాలకు టోక్యోలో పేరు మోశాడు. 1878లో సత్సుమా సమురాయ్ కూతురు షిజుకోతో పెళ్ళయింది. అయినా తీరు మారలేదు. మేజర్ జనరల్ అయ్యాక, 1887 జనవరిలో ఆయన్నీ కవకమి సోరోకునూ జర్మనీ పంపారు. ఏడాదిన్నర ఉన్నారు. అప్పటికే జర్మన్ మేజర్ మెకెల్ టోక్యో స్టాఫ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఫ్రెంచి పద్ధతి పోయి జర్మన్ పద్ధతి వస్తున్న రోజులు. 1888లో పాత గ్యారిసన్లను డివిజన్లుగా మార్చారు.

ఒకే ప్రయాణం, ఇద్దరు మనుషులు. కవకమి తెచ్చుకున్నది జనరల్ స్టాఫ్ బుర్ర: మొబిలైజేషన్, రైళ్ళు, గూఢచర్యం. 1894 యుద్ధాన్ని నడిపిన ప్లానింగ్ చాలావరకు ఆయనదే. నోగి తెచ్చుకున్నది అధికారి ప్రవర్తన. జర్మన్ అధికారి యూనిఫాంకు ఇచ్చే విలువ, క్రమశిక్షణ, గౌరవం, వీటి మీద నివేదిక రాశాడు. తిరిగొచ్చాక వినోద గృహాల గడప తొక్కలేదు. ఇంట్లో కూడా యూనిఫాం. తిండి ముతక ధాన్యం. నా క్లాసుల్లో దీన్ని మెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఇది మారిన మనిషి కన్నా శిక్ష వేయమని అడిగితే వేయనందుకు తనే వేసుకున్న మనిషిలా కనిపిస్తాడు.

1892లో సెలవు మీద నసు అనే పల్లె ప్రాంతానికి వెళ్ళి వ్యవసాయం చేశాడు. ఆ ఏడాది చివరికే వెనక్కి పిలిచి 1వ బ్రిగేడ్ ఇచ్చారు. చైనాతో యుద్ధంలో, 1894 నవంబరు 21న పోర్ట్ ఆర్థర్ కోట ఒక్క రోజులో పడిపోయింది. నోగి బ్రిగేడ్ ఉన్న 1వ డివిజన్ అందులో ముందుంది. కోట పడ్డాక ఊళ్ళో నిరాయుధులను ఊచకోత కోశారు. విదేశీ విలేఖరులు దాన్ని ప్రపంచానికి చెప్పారు. దానికీ సరైన లెక్క తేల్చలేదు. తర్వాత తైవాన్ దండయాత్ర, అక్కడే గవర్నర్ జనరల్ పదవి. వెంట వెళ్ళిన తల్లి మలేరియాతో కొద్ది వారాల్లోనే పోయింది. నిజాయితీకి లోటు లేదు, పరిపాలన మాత్రం చేతకాలేదు. 1898లో ఆయన స్థానంలో వచ్చిన కొదమా అదే పనిని తన పరిపాలనాధికారి గోతో షింపెయ్ సాయంతో నడిపి చూపించాడు.

పోర్ట్ ఆర్థర్

ఇప్పుడు మొదట చెప్పిన పోస్టింగ్‌కు వద్దాం. ఆయన్నే ఎందుకు వేశారు? ఆ నేల తెలిసినవాడు, పదేళ్ళ కిందట అక్కడే గెలిచినవాడు. చోషూ మనిషి కూడా. మొదటి ఆర్మీ కురోకి, ఆ తర్వాత పెట్టిన నాలుగో ఆర్మీ నొజు, ఇద్దరూ సత్సుమా వాళ్ళే. సైన్యంలో పెత్తనం చోషూ, సత్సుమా వాళ్ళది, రెండు వైపులా లెక్క సరిపోవాలి. నోగి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా సత్సుమా ఆర్టిలరీ అధికారి ఇజిచి కోసుకెను ఇచ్చారు. కోట ముట్టడి అనే ప్రత్యేకమైన ఇంజినీరింగ్ పనికి ఎవరు సరిపోతారన్న ప్రశ్న ఈ లెక్కల్లో ఎక్కడో వెనక వరసలో కూర్చుందని నాకనిపిస్తుంది.

నేల అదే, కోట మాత్రం వేరు. 1898లో రష్యా దాన్ని లీజుకు తీసుకుని కాంక్రీటు దుర్గాలు కట్టింది. ముళ్ళతీగలు, మెషిన్ గన్లు, సెర్చ్‌లైట్లు పెట్టింది. లోపల ఎంతమంది ఉన్నారన్న జపాన్ అంచనాకు నిజం రెండింతలు దాటింది. నోగి ఓడ ఎక్కకముందే పెద్దకొడుకు కత్సుసుకె నన్‌షాన్ యుద్ధంలో చనిపోయాడని కబురొచ్చింది. జూన్‌లో దిగి జిన్‌ఝౌ దగ్గర ఆ యుద్ధభూమి చూసి చైనీస్ ఛందస్సులో ఒక పద్యం రాశాడు. అందులో గుర్రం ముందుకు కదలదు, మనిషి మాట్లాడడు, పొద్దు వాలుతుంటుంది. కొడుకు ప్రస్తావన ఎక్కడా లేదు.

ఆగస్టు 19 నుంచి 24 దాకా మొదటి దాడి. ఫిరంగులతో కొట్టి, ఆపైన పదాతిదళాన్ని ఎదురుగా పంపడం. సుమారు 51,000 మందిలో 16,000 మంది దాకా చనిపోయారు లేదా గాయపడ్డారు. క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "అప్పుడైనా పద్ధతి మార్చుకోవాలి కదా సార్" అని. మార్చుకున్నాడు. ఆ దెబ్బతో నోగి ఎదురుదాడి ఆపి, కందకాలు వంకరటింకరగా తవ్వుకుంటూ దుర్గాల దగ్గరికి చేరే పాత ముట్టడి పద్ధతికి వచ్చాడు. జపాన్ తీరరక్షణ స్థావరాల నుంచి 28 సెంటీమీటర్ల హోవిట్జర్లు విప్పి తెచ్చారు. వాటి గుండు ఒక్కొక్కటి 217 కిలోలు. కాంక్రీటు దిమ్మలు పోసి, వందలమంది తాళ్ళతో లాగి వాటిని నిలబెట్టారు. అక్టోబరు మొదట్లో పేల్చడం మొదలైంది. మూర్ఖుడన్న ముద్ర ఈ సంగతుల ముందు నిలవదు.

నిలిచే విమర్శ ఇంకొకటి ఉంది. ఎవరి మాట వినాలో తేల్చుకోవడంలో ఆయన నలిగిపోయాడు. నౌకాదళానికి కావలసింది రేవులో దాక్కున్న రష్యా నౌకలు. వాటిని పైనుంచి చూడగలిగే 203 మీటర్ల గుట్ట ఇవ్వమని అడుగుతోంది. టోక్యో హెడ్‌క్వార్టర్స్ కూడా అటే మొగ్గింది. నోగికి నేరుగా పై అధికారులైన మంచూరియా ఆర్మీ వాళ్ళు, అంటే మార్షల్ ఒయామా, ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ కొదమా, తూర్పు వైపు ప్రధాన దుర్గాలే కొట్టమంటున్నారు. అక్టోబరు నడుమ రష్యా బాల్టిక్ నౌకాదళం బయల్దేరింది. అది చేరేలోపు పని అయిపోవాలి. ఇద్దరు బాసులు, ఒక డెడ్‌లైన్. గుండ్లకు కరువు. బెరిబెరితో వేలమంది మంచం పట్టారు. తెల్లబియ్యం బదులు బార్లీ కలిపి నౌకాదళం ఆ రోగాన్ని ఎప్పుడో వదిలించుకుంది. సైన్యం వైద్య పెద్దలు ఒప్పుకోలేదు. అది ఇంకో కేస్ స్టడీ.

నవంబరు 26న మూడో దాడి. చీకట్లో తమవాళ్ళను గుర్తుపట్టడానికి భుజాల మీదుగా తెల్లటి పట్టీలు అడ్డంగా కట్టుకుని 3,100 మంది వెళ్ళారు. రష్యన్ సెర్చ్‌లైట్ల కింద ఆ పట్టీలే గురి అయ్యాయి. ఆ దాడి విరిగిపోయాక మర్నాడు నోగి బలాన్ని 203 గుట్ట వైపు తిప్పాడు. 30న రెండో కొడుకు యసుసుకె అక్కడే చనిపోయాడు. డిసెంబరు 1న కొదమా వచ్చాడు. అవసరమైతే కమాండ్ తీసుకునే అధికార పత్రం ఒయామా దగ్గర తెచ్చుకున్నాడు. దాన్ని బయటపెట్టి నోగిని అవమానించలేదు. 5న గుట్ట చిక్కింది. పైనుంచి చూసి చెబుతుంటే హోవిట్జర్లు రేవులోని నౌకలను ఒక్కొక్కటిగా ముంచాయి.

కొదమా వచ్చి అంతా చక్కదిద్దాడని జపాన్‌లో జనం నోళ్ళలో ఉన్న కథ. గుట్ట మీదికి తిరగాలన్నది ఆయన రాకముందే నోగి తీసుకున్న నిర్ణయం. కాబట్టి నేను ఆ కథను సగమే నమ్ముతాను. కొదమా తెచ్చినది స్నేహితుడి అధికారం. ముందు వరసకు వెళ్ళి చూడని స్టాఫ్‌ను అరిచి కదిలించగలిగే గొంతు. ఆ పని చేయాల్సింది చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఇజిచి. ఆయన చేయలేదు, నోగి చేయించలేదు. తన మీద తనకు కోత పెట్టుకోవడానికి అలవాటుపడ్డవాడు కిందివాడి మీద కేకలేయలేడు. నా సర్వీసులోనూ ఇలాంటి సాధువు కమాండర్ల కింద పనిచేశాను. అందరూ గౌరవిస్తారు. పనికిరాని స్టాఫ్ మాత్రం అలాగే ఉంటుంది.

నోగిని మార్చాలన్న మాట టోక్యోలో వచ్చింది. చక్రవర్తి వద్దన్నాడని, మారిస్తే నోగి బతకడని అన్నాడని చెబుతారు. మాట అక్షరాలా ఇదేనో కాదో గానీ మార్చలేదన్నది నిజం. ఒక మనిషి ప్రాణం నిలపడానికి ఒక ఆర్మీ కమాండ్‌ను వాడుకున్న సంస్థ అది.

లెక్క రెండు చోట్ల

1905 జనవరి 1న రష్యన్ జనరల్ స్టెస్సెల్ లొంగిపోతానని కబురు పంపాడు. 5న షుయ్‌షీయింగ్ పల్లెలో ఇద్దరూ కలిశారు. ఓడినవాళ్ళను నోగి కత్తులతోనే కూర్చోనిచ్చాడు, ఫోటోలో రెండు పక్షాల అధికారులూ కలిసి ఉన్నారు. అందుకు యూరప్ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. జపాన్ వైపు చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి సుమారు 60,000.

తర్వాత రష్యా స్టెస్సెల్‌ను కోర్టు మార్షల్ చేసింది. 1908లో మరణశిక్ష వేసి, దాన్ని పదేళ్ళ జైలుగా తగ్గించి, మరుసటి ఏడాదే వదిలేసింది. అందులో రాజకీయం చాలానే ఉంది. కానీ ఎవరు ఏ రోజు ఏం చేశారో బహిరంగంగా అడిగారు. జపాన్‌లో ఇజిచిని ఆ కోటకే కమాండర్‌గా బదిలీ చేసి ఊరుకున్నారు. నోగి మూడో ఆర్మీతో మంచూరియాలోని ముక్‌దెన్‌ యుద్ధానికి వెళ్ళి, ఎడమ వైపు నుంచి చుట్టుకొచ్చే పని చేశాడు. రష్యా సేనాని కురోపాత్కిన్ కంగారుపడి బలగాలను అటు తిప్పుకున్నాడు.

1906 జనవరిలో నోగి చక్రవర్తి ముందు నివేదిక చదివాడు. తన సిపాయిల చావుల గురించి చదువుతూ ఏడ్చాడు. చావడానికి అనుమతి అడిగితే, నేను బతికుండగా వద్దని చక్రవర్తి అన్నాడంటారు. శిక్ష కోరడం, క్షమాపణ దొరకడం, 1877లో జరిగిందే మళ్ళీ. ఈసారి క్షమాపణకు గడువు కూడా ఉంది. 1907లో ఆయన్ని కౌంట్ చేసి, ప్రభువుల పిల్లలు చదివే గకుషూయిన్‌కు అధిపతిని చేశారు. కొడుకులు పోయినందుకు పిల్లల మధ్య ఉంటాడని. మరుసటి ఏడాది చక్రవర్తి మనవడు హిరోహితో అక్కడ చేరాడు.

1912 జులై 30న చక్రవర్తి పోయాడు. సెప్టెంబరు 13 రాత్రి అంత్యయాత్ర మొదలైన వేళకు నోగి, షిజుకో తమ ఇంట్లో ప్రాణాలు తీసుకున్నారు. ఇది సమురాయ్ ఆచారమేలే, సైన్యం ఏం చేయగలదని నాతో వాదించేవాళ్ళుంటారు. ప్రభువు వెంట చావడాన్ని షోగునేట్ 1663లోనే నిషేధించింది. నోగి పుట్టేనాటికే అది దాదాపు రెండు వందల ఏళ్ళ పాత నిషేధం. అందుకే అప్పటి జపాన్ పత్రికలు కూడా మొదట ఏమనాలో తెలియక తడబడ్డాయి.

ముందు రాత్రి రాసిన వీలునామాలో పది అంశాలు. మొదటిది 1877లో జెండా పోవడం, అప్పటి నుంచీ చావుకు తగిన చోటు వెతుకుతున్నాననడం. పోర్ట్ ఆర్థర్‌ను తన చావుకు కారణంగా రాయలేదు. వీలునామా ఎవరి పేరున రాశాడో ఆ నలుగురిలో షిజుకో కూడా ఉంది. అంటే రాసేటప్పటికి ఆమె బతుకుతుందనే అనుకున్నాడు. శరీరం వైద్య కళాశాలకు ఇవ్వాలి. పళ్ళు, గోళ్ళు, జుట్టు మాత్రం పాతిపెడితే చాలు. దత్తత వద్దు, నోగి ఇల్లు తనతోనే ముగిసిపోవాలి.

సరిగ్గా మూడేళ్ళకు, 1915 సెప్టెంబరు 13న, చోఫు ప్రభువులైన మోరి వంశపు యువకుడొకరిని కొత్త కౌంట్ నోగిగా ప్రకటించారు. వీలునామాలోని ఆ మాటను పైవాళ్ళు దయతోనే పక్కన పెట్టారు. ఆయన 1934లో బిరుదు వదులుకుని మళ్ళీ మోరి అయ్యాడు.